నీళ్ళ పైపు రెండో కొస

మా అక్కకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఊరంతా మూతలమ్మ అంటుంది. సోడా కొట్టు ముందు పడేసిన సీసా మూతల్ని వంగి వంగి ఏరి, మట్టి తుడిచి సంచిలో వేసుకుపోయే ఆడమనిషిని ఊరు ఇంకేమంటుంది? ఆ మూతలతో ఆమె ఏం చేసిందో చెప్తాను. ఆమెకు నేనేం చేశానో కూడా చెప్తాను. రెండోది దాచి మొదటిది చెప్తే అది పొగడ్త అవుతుంది. ఆమెకు పొగడ్త అక్కర్లేదు, అందులోనూ నా నోటి నుంచి అసలే అక్కర్లేదు.

నేను తాపీమేస్త్రిని. ఆమె తోడబుట్టినవాణ్ణి, ఆమెకంటే నాలుగేళ్ళు చిన్న. మా బావ లారీ డ్రైవరు. పచ్చకామెర్లు వస్తే పసుపు దిగేదాకా సెలవు పెట్టమని డాక్టరు చెప్పినా వినకుండా ఇంకో రెండు ట్రిప్పులు కొట్టి, మూడో ట్రిప్పుకి శవమై వచ్చాడు. అప్పటికి మా మేనకోడలికి ఆరేళ్ళు. నెల తిరక్కుండానే బావ అన్నగారు పొలం పంపకానికి కూర్చున్నాడు. ఆయనకు గింజల మార్కెట్టు పక్కన లారీలు తూచే కాటా ఉంది, అందుకే కాటా ఆయన అంటారు. తూచడం వృత్తి కాబట్టి పంపకమూ ఆయనే తూచాడు. వాగు పక్కన చదునుగా ఉన్న నాలుగెకరాలు ఆయనకు, దాని పైన ఏటవాలుగా రాళ్ళు తేలి ఉన్న మూడెకరాలు మా అక్కకు.

"ఆడమనిషివి, పెద్ద పొలం ఎక్కడ చూసుకుంటావమ్మా?" అన్నాడు. చిన్నదే ఇచ్చాడు. రాళ్ళు మాత్రం ఊరికే ఇచ్చాడు.

ఆ నేలకు వానే ఆధారం. బావి లేదు, కాలవ రాదు. ఏడాదికి కురిసేదే నాలుగు మంచి వానలు, ఆ నాలుగూ మా అక్క పొలంలో కాళ్ళు కడుక్కుని కాటా ఆయన పొలంలో భోజనానికి కూర్చునేవి. విత్తనం జొన్నలు పోను చేతికి మూడు బస్తాలు వస్తే గొప్ప. మొదటి రెండేళ్ళూ అక్క నా దగ్గర సున్నం తట్టలు మోసింది. అక్క తట్ట మోస్తుంటే తమ్ముడు గోడ మీద నిలబడి తాపీ పట్టుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికి గానీ తెలియదు. నేను అనుభవించాను. అయినా కూలీ మనిషి కరువైన రోజున కబురు పెట్టింది నేనే.

మూడో ఏడు ఎండాకాలంలో వ్యవసాయ శాఖ నుంచి ఒకావిడ వచ్చి బడి వరండాలో శిక్షణ పెట్టింది. వచ్చినవాళ్ళకు టోపీ ఊరికే ఇస్తారని చాటించారు కాబట్టి జనం బాగానే వచ్చారు. టోపీలు పంచడం అయిపోగానే వరండా ఖాళీ అయింది. మిగిలింది మా అక్క ఒక్కతే, అదీ టోపీ తీసుకోవడం మరిచిపోయి. ఆవిడకు ఏమనిపించిందో, తెచ్చిన బొమ్మల చార్టు చుట్టేసి, "పద, నీ పొలం చూపించు" అని బయల్దేరింది. ఇద్దరూ ఎండలో ఆ మూడెకరాలూ తిరిగారు. ఆ సాయంత్రం అక్క నేరుగా మా ఇంటికొచ్చింది.

"నీ నీళ్ళ పైపు కావాలి రా."

"ఏం కడుతున్నావ్?"

"ఏం కట్టట్లేదు. పొలానికి మట్టం చూడాలి."

"పొలానికి మట్టమేంటక్కా? నీళ్ళు పల్లానికే పోతాయి, అది చెప్పడానికి మేస్త్రీ కావాలా?"

"పోతాయి కాబట్టే చూడాలి" అంది.

నీళ్ళ పైపు మా పనిలో ప్రాణం. పాతిక మూరల పొడవు, లోపలిది కనిపించే సన్నటి పైపు. నీళ్ళు నింపి ఒక కొస ఒకరు, రెండో కొస ఇంకొకరు గుర్తులు పెట్టిన కర్రలకు ఆనించి పట్టుకుంటే, మధ్యలో ఎన్ని గుంతలున్నా రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. అబద్ధమాడని వస్తువు అదొక్కటే నాకు తెలుసు. గోడ ఈ మూలా ఆ మూలా సమంగా లేవడానికి దాన్ని వాడతాం. మా అక్క దాంతో పొలమంతా కొలిచింది. తను ఒక కొస, నేను రెండో కొస. నీళ్ళు రెండు పక్కలా ఒకే గుర్తు దగ్గర ఆగిన చోటల్లా ఒక మేకు. మేకులన్నీ కలిపితే గీత పాములా వంకర్లు పోయింది. ఆ గీత మీద రాళ్ళు పేర్చాలట. వాన నీళ్ళు పరుగెత్తుకొచ్చి ఆ రాళ్ళ దగ్గర కాసేపు ఆగుతాయి, ఆగినంతసేపూ ఇంకుతాయి, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించి పోతాయి. అంతే విద్య. యంత్రం లేదు, కరెంటు లేదు, ఆఖరికి సిమెంటు కూడా లేదు.

కాటా ఆయన గట్టు మీద నిలబడి చూసి, "మేస్త్రీ, నీ గోడలు కూడా ఇలాగే కడతావా?" అన్నాడు. వెనకున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం మేకు కొడుతూనే ఉంది.

ఆ ఎండాకాలమంతా ఏరిన రాళ్ళతో మూడు వరసలు వేశాం. వరసల మధ్యలో అక్క గుంటలు తవ్వింది. జానెడు లోతు, మూరెడు వెడల్పు. గడ్డపార దిగని నేలలో రోజుకు నలభై గుంటలు. అరచేతులు పుళ్ళు పడితే గుడ్డ చుట్టుకుని తవ్వింది. ఒక్కో గుంటలో రెండు దోసిళ్ళ పేడ ఎరువు వేసి మూసిపెట్టింది. తొలి వాన పడిన సాయంత్రమే నానబోసి, తెల్లారి గోనెపట్టా మీద నీడలో ఆరబెట్టిన జొన్నలు గుంటకు ఐదారు గింజల చొప్పున పెట్టింది. నానిన గింజ రెండు రోజులు ముందే మొలుస్తుంది, ఆ రెండు రోజులే మెట్ట నేలలో పంటకీ ఎండకీ తేడా. మొలకలు బెత్తెడు లేచాక మూతల పని మొదలైంది. మందు ఎరువు పొలమంతా చల్లితే సగం కలుపు తింటుంది, సగం వాగు తాగుతుంది. అదే మొక్క పక్కన చిన్న బొక్క పొడిచి ఒక్క సీసా మూతెడు వేస్తే మొక్కే తింటుంది. బస్తా కొనే చోట పది కిలోలు చాలు.

"గీకి సమం చెయ్యవే, కుప్పగా వెయ్యకు" అని అక్క అరుస్తుంటే, మా మేనకోడలు మూతను వేలితో గీకి సమం చేసి వేసేది. బడి నుంచి రాగానే అదే దాని ఆట.

పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది మూతలమ్మ వ్యవహారం, అన్నారు ఊళ్ళో. ఆ ఏడు ఆరు బస్తాలు పండాయి. మూడెకరాలకు ఆరంటే పెద్ద పంటేమీ కాదు, కానీ ఆ ఏడు వాన ముఖం చాటేస్తే చదును పొలాల వాళ్ళకు గడ్డి తప్ప ఏమీ రాలేదు. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ తర్వాత రాళ్ళ వరసలు ఐదయ్యాయి, పంట తొమ్మిది బస్తాలైంది, ఆపైన పన్నెండు.

ఇక్కడ నా గొప్ప సలహా ఒకటి చెప్పాలి.

ఐదో ఏడు ఒక పెద్ద వాన కురిసి అట్టడుగు వరసకు గండి పడింది. అది ముఖ్యమైన వరస. పైనుంచి జారే మట్టంతా చివరికి చేరేది అక్కడికే. మళ్ళీ మబ్బు పట్టి ఉంది. చిన్నరాళ్ళు వేస్తే కొట్టుకుపోతున్నాయి, అడుగున ఒక భారీ రాయి పడితే గానీ నిలవదు. చుట్టూ చూశాను. వరసకు ఆరడుగుల కింద, పలకబండ పక్కన హద్దురాయి ఉంది. పైన ఇంటూ గుర్తు చెక్కిన నలుపలకల రాయి, నడుం దాకా నేలలో పాతుకుని ఉంది. అక్క పొలానికీ కాటా ఆయన పొలానికీ మిగిలిన హద్దురాయి అదొక్కటే. తక్కినవి ఎప్పుడో ఎవరెవరి ఇళ్ళకో మెట్లుగా వెళ్ళిపోయాయి.

"ఇది సరిగ్గా సరిపోతుందక్కా."

"హద్దురాయి రా అది! తప్పు కాదూ?"

"పైది నీది, కిందది మీ బావగారిది. ఒకింటి పొలానికి హద్దేంటి? అయినా ఈ రాళ్ళదిబ్బ కోసం నీతో ఎవడు తగువుకొస్తాడు?"

అక్క కాసేపు ఆ రాయి వంకే చూసింది. ఉరుము వినిపించింది. ఇద్దరం గడ్డపారలు పట్టి పెకలించాం, దొర్లించాం, గండిలో దించాం. ముఖం మీద చెమటా మట్టీ కలిసిపోయి అక్క నవ్వింది. "నీలాంటి తమ్ముడుంటే ఎవరైనా వ్యవసాయం చేస్తారు రా" అంది. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. మరిచిపోయే వీలుంటే మరిచిపోయేవాణ్ణి.

ఆ రాత్రి వాన పడింది. గండి నిలిచింది. ఆ తర్వాత ఏడేళ్ళపాటు అట్టడుగు వరస వెనక ఏడాదికి నాలుగు వేళ్ళ మట్టి చేరుతూనే ఉంది. గడ్డపార దిగని చోట చెయ్యి మోచేతి దాకా దిగే నేల తయారైంది. అర ఎకరం పైచిలుకు ఉంటుంది, నల్లగా, తడిగా. పైన రెండున్నర ఎకరాల్లో పండేదెంతో ఆ పట్టీలో ఒక్కదాంట్లోనే అంత పండేది. అక్క విత్తనానికి కంకులు ఏరేది అక్కడే. మా మేనకోడలి నర్సింగు చదువు నడిచిందీ ఆ పట్టీ మీదే. అక్కకు ఆస్తంటూ ఏదైనా ఉంటే అదే.

అంతవరకూ బాగానే ఉండేది, అక్క ఇంకో తెలివైన పని చెయ్యకపోయుంటే. కోతలప్పుడు ఊరంతా ఒకేసారి గింజలు మార్కెట్టుకు తోలుతుంది కాబట్టి ధర నేల మీద ఉంటుంది. నాలుగు నెలలు ఆగితే నడుమెత్తు లేస్తుంది. ఆ ఆగే పని ఇన్నాళ్ళూ కాటా ఆయనే చేసేవాడు, కోతల్లో కొని ఎండాకాలంలో అమ్మేవాడు. అక్క గింజల్ని పంటి కింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, బిగుతు మూతల డ్రమ్ముల్లో బూడిద కలిపి దాచింది. నాలుగు నెలల తర్వాత అమ్మింది. పురుగు పట్టలేదు. పక్కింటావిడ అడిగితే చెప్పింది, ఆవిడ ఇంకొకావిడకు చెప్పింది. రెండేళ్ళలో పదకొండు ఇళ్ళలో డ్రమ్ములు వెలిశాయి. కోతల నెలలో కాటా మీదికి వచ్చే బళ్ళు తగ్గాయి. మూతలమ్మని చూసి నవ్వేవాడు కాటా ఆయన. ఆ ఏడు నుంచి నవ్వడం మానేశాడు.

పన్నెండో ఏడు పంట కోశాక ఆయన సర్వేకి అర్జీ పెట్టాడు. తన పొలంలోకి మరదలు జరిగొచ్చిందట.

సర్వేయరు వచ్చిన రోజు పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని నేనూ వెళ్ళాను. దానికి వారం ముందే కాటా ఆయన నాకో మాటిచ్చాడు. కాటా చుట్టూ రాతి ప్రహరీ, నాలుగు నెలల పని, నా మనుషులు ఆరుగురికీ రోజూ పని. ఆ ఏడు నాకు పని లేదు. ఇది సాకు కాదు, జరిగింది చెప్తున్నాను. సాకు అని మీరంటే కాదనను.

సర్వేయరు మంచివాడే. పాత పటం పరిచాడు. హద్దు గీత వాగు గట్టు నుంచి నాలుగు వందల అడుగులని రాసుంది. గొలుసు పట్టి గట్టు నుంచి కొలిస్తే గీత అట్టడుగు వరస దాటి, నల్లమట్టి పట్టీ మొత్తం మింగేసి, పైన గులకరాళ్ళ దగ్గర ఆగింది. అక్క అడ్డం నిలబడింది.

"వాగు ఇక్కడ లేదయ్యా అప్పుడు. గట్టు కోసుకుపోయి అరవై అడుగులు ఇటు జరిగింది. ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

"జరిగే ఉంటుందమ్మా. కానీ ఎంత జరిగిందో నాకెవరు చెప్తారు? హద్దురాయి ఉంటే వాగుతో పనే లేదు. ఏదీ రాయి?"

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గండి దగ్గరికెళ్ళి చేత్తో మట్టి తోసింది. ఇంటూ గుర్తు బయటపడింది.

సర్వేయరు ముఖం మారిపోయింది. "ఇక్కడికెలా వచ్చింది? హద్దురాయి పెకలించడం నేరమని తెలుసా? కేసు పెడితే జైలు. ఎవరు తీశారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే నా గడ్డపార వైపు వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను.

"నేనే" అంది అక్క. "ఆ పలకబండ పక్కనుండేది. బండ ఎక్కడికీ పోలేదు, అదిగో."

"ఆ పక్కనుండేదని తన నోటితో తనంటే సరిపోతుందా?" అన్నాడు కాటా ఆయన. "రేపు వాగు అవతల ఉండేదంటుంది."

"అదీ నిజమే" అన్నాడు సర్వేయరు. "చూడమ్మా, రాయి ఎక్కడుండేదో చూసిన మనిషి ఒక్కరు సంతకం పెట్టి చెప్తే చాలు, ఆ లెక్కన గీత గీసేస్తాను. తీసేటప్పుడు నీతో ఎవరున్నారు?"

అప్పుడు అక్క నా వంక చూసింది. ఎక్కువసేపు కాదు, పైపులో నీళ్ళు ఊగి ఆగేంతసేపు. బతిమాలినట్టు లేదు, నిలదీసినట్టూ లేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగినట్టుంది. కాటా ఆయన కూడా నన్నే చూస్తున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నా చెప్పుల వంక చూసుకున్నాను. ఎడమ చెప్పు వారు తెగి ఉంది. దానికి సన్నటి తీగ చుట్టి ఉంది. ఆ తీగ ఎన్ని చుట్లుందో ఇప్పటికీ చెప్పగలను.

"ఎవరూ లేరు" అంది అక్క. "ఒక్కదాన్నే."

"ఒక్కదానివే? ఇద్దరు మగాళ్ళు కదిలించలేని రాయిని?"

"కదిలించాను."

చుట్టూ చేరిన జనం నవ్వారు. ఆ నవ్విన ప్రతివాడికీ తెలుసు, ఆ ఊళ్ళో రాయి కదిలించే మనిషి ఎవడో, మూతలమ్మ పొలంలో ఎవడు పనిచేశాడో. ఒక్కడూ నోరు విప్పలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తోడబుట్టినవాడే కుక్కిన పేనులా పడుంటే పరాయివాడెందుకు చెప్తాడు?

సర్వేయరు కాగితం మీద ఏదో రాసి, జాలిపడి కేసు లేకుండా మందలించి వదిలేశాడు. మేకులు గులకరాళ్ళ దగ్గరే పాతాడు. అక్క వేలిముద్ర వెయ్యలేదు, సంతకమే పెట్టింది. నలభై దాటాక కూతురి దగ్గర నేర్చుకున్న సంతకం. పదేళ్ళు పోగేసిన మట్టిని వదులుకోవడానికి పనికొచ్చింది.

ఇంటికెళ్ళే దారిలో "అక్కా" అన్నాను. "ఆకలేస్తోందా? రొట్టెలున్నాయి, తినేసి వెళ్ళు" అంది. తిన్నాను కూడా. తిట్టినా బాగుండేది. తిట్టకపోవడం మంచితనం అనుకున్నాను ఆ రోజు, ఎంత వెధవనంటే. మా మేనకోడలు మాత్రం వార్డు డ్యూటీ ముగించుకుని ఆ వారాంతం వచ్చి, నా గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది. "మామయ్యా, నువ్వు అక్కడే ఉన్నావటగా?" జవాబు కోసం కాసేపు చూసింది. ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

కాటా ఆయన పట్టీలోకి ట్రాక్టరు దింపాడు. రాళ్ళ వరస అడ్డమొస్తే, "తీసేసి కాటా దగ్గరికి తోలండి, గోడకు పనికొస్తాయి" అన్నాడు. వంకర గీతలు ఆయనకు మొదట్నుంచీ నచ్చవు. ట్రాక్టరు చక్కగా, తిన్నగా, పైనుంచి కిందికి దున్నింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! వాలు వెంబడి సాళ్ళు తీస్తే ఒక్కో సాలూ ఒక్కో కాలవని పదేళ్ళు అక్క పక్కన నిలబడ్డ నాకు తెలుసు. చెప్పొచ్చు. ఆ రోజు తెరవని నోరు ఇప్పుడు ఆయన మేలు కోసం తెరవడమేంటని ఊరుకున్నాను. మౌనం నాకు అప్పటికే అలవాటైంది, ప్రతిసారీ దానికో మంచి కారణం దొరికేది.

తొలి వాన మధ్యాహ్నం పూట వచ్చింది. గంటసేపు కురిసింది. కాటా రేకుల కింద నిలబడి చూస్తే వాగు నల్లగా పారుతోంది. ఎర్రగా పారే వాగు అది. తడుస్తూ పొలానికి పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? గులకరాళ్ళ దగ్గర కొత్త హద్దు మీద అక్క నిలబడి ఉంది, తలమీద గోనెసంచి కప్పుకుని. కింద సాళ్ళన్నీ కాలవలై మట్టిని గడ్డలు గడ్డలుగా వాగులోకి తోస్తున్నాయి. అడుగున పలకబండ కడిగినట్టు మెరుస్తోంది.

"పదేళ్ళు పట్టింది రా, చేరడానికి" అంది అక్క. ఆమె ఏడవడం నేను బావ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే.

ఆ ఏడు కాటా ఆయనకు అక్కడ రెండు బస్తాలు కూడా రాలేదు. విత్తనం మంచిది కాదన్నాడు. మరుసటేడు బీడు పెట్టేశాడు. ఆయనకు అదొక నష్టమేం కాదు, ఇంట్లో ఆ ఊసే ఎత్తి ఉండడు. మా అక్క నోట్లోంచి తీసింది ఆయన నోట్లోకి పోయినా కొంత సరిపెట్టుకునేవాణ్ణి. వాగులో పోయింది.

గోడ మాత్రం ఆ తొలి వానకు ముందు, ఎండాకాలంలోనే బాగా వచ్చింది. ఆ రాళ్ళలో నేను ఎరగని రాయి ఒక్కటి లేదు. ఇది మూడో వరసలోది, దీని కింద తేలుంటే అక్క చీపురుతో తోసింది. ఇది మేనకోడలు కూర్చునే రాయి. ఇంటూ గుర్తు రాయి పనివాళ్ళు నాలుగో రోజున దించారు. తాపీ పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. సర్వే ఆఫీసు అక్కడికి పది నిమిషాల నడక. అప్పీలుకి గడువు ఇంకా ఉందని కూడా నాకు తెలుసు. లేచి, సిమెంటు కలిపించి, ఆ రాయిని ప్రహరీ వాయవ్యం మూల అడుగు వరసలో, గుర్తు లోపలి వైపుకి తిప్పి కట్టేశాను. నలుపలకల రాయి మూలకు బాగా కుదురుతుంది. మేస్త్రీగా ఆ మాట అబద్ధం కాదు.

అదే ఎండాకాలం ముదిరాక, ఆ తొలి వాన ఇంకా పడకముందే, అక్క మూడు బస్తాలతో కాటాకు వచ్చింది. డ్రమ్ముల్లో దాచినవి. నేను మూల దగ్గర రాళ్ళ సందుల్లో సిమెంటు దర్జులు పూస్తున్నాను. తూకం అయ్యాక నా దగ్గరికొచ్చి నిలబడింది. గోడను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది.

"బాగా కట్టావు రా."

నేను దర్జు మీద తాపీ లాగుతూనే ఉన్నాను.

"అది ఎక్కడుంది?"

ఏదని అడిగే ధైర్యం లేక మూల అడుగు వరస చూపించాను. వంగి చేత్తో తడిమింది, నున్నగా ఉన్న వైపు.

"గుర్తు లోపలికా?"

"ఆఁ."

తల ఊపింది. చేతికంటిన సిమెంటు పొడి దులుపుకుంది. "నీ నీళ్ళ పైపు ఓ నాలుగు రోజులు కావాలి. పైన గులకరాళ్ళ దగ్గర కొత్త వరస వేస్తున్నాను. వానలు రాకముందే అవ్వాలి."

నా గుండె ఒక్కసారి తేలికైంది. నిజం చెప్తున్నాను, క్షమించిందనుకున్నాను. తాపీ పడేసి, "రేపు పొద్దున్నే వస్తానక్కా, ఇద్దరం చూసేద్దాం" అన్నాను.

"పైపు చాలు."

"ఒక్కదానివే ఎలా చూస్తావ్? రెండో కొస ఎవరు పట్టుకుంటారు?"

"కర్రకి కట్టుకుంటా" అంది. పైపు చుట్ట తీసి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు పనికి వెళ్తూ చూశాను. వాలు మీద ఒక కర్ర పాతి ఉంది, దానికి పైపు కొస తాడుతో కట్టి ఉంది. రెండో కొస పట్టుకుని అక్క పాతిక మూరల దూరం నడిచింది. అక్కడ ఇంకో కర్ర పాతి, దానికి ఆనించి నీళ్ళ మట్టం చూసుకుని, తన కొసనూ దానికే కట్టేసి, ఆ పక్క నీళ్ళెక్కడున్నాయో చూడ్డానికి వెనక్కి నడిచి వచ్చింది. చూసి, మళ్ళీ అటు వెళ్ళి కర్రను బెత్తెడు కిందికి జరిపింది. మళ్ళీ ఇటు వచ్చింది. ఇద్దరం చేస్తే ఒక మేకుకు నిమిషం పట్టేది. నేను దారిలో నిలబడి లెక్కపెట్టాను. ఒక్క మేకుకు ఆమె ఆరుసార్లు అటూ ఇటూ తిరిగింది. తర్వాత మేకు కొట్టి, కర్ర పెకలించుకుని ముందుకు జరిగింది. నేను కనిపించేంత దూరంలోనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.